గర్భం తొలి వారాల పొత్తికడుపు నొప్పి: గుంటూరు కొత్తపేటలోని ఒక స్త్రీల ఆసుపత్రి సేవపై సమీక్ష

నెల తప్పిన కొద్ది రోజులకే పొత్తికడుపులో సన్నగా లాగుతున్నట్టు నొప్పి మొదలైతే, అది తొలి వారాల్లో చాలామందికి వచ్చే మామూలు నొప్పా, లేక గర్భం గర్భసంచిలో కాకుండా, అండాశయం నుంచి గర్భసంచికి దారితీసే ట్యూబులో నిలిచిందా అన్న అనుమానం ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది. ఆ అనుమానంతో వచ్చిన స్త్రీని ఆసుపత్రివారు ఎలా చూస్తారు, ఏమి అడుగుతారు, ఏ పరీక్ష ఎప్పుడు చేస్తారు, విషయం తేలేవరకు ఆమెను ఎలా కనిపెట్టుకుని ఉంటారు అన్న వాటినే ఈ సమీక్షలో చెబుతున్నాను. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. మేము వెళ్లింది వాటిలో ఒక మధ్యస్థాయి స్త్రీల ఆసుపత్రి. ఇది మా చెల్లెలి ఆరోగ్యానికి సంబంధించిన సంగతి కాబట్టి, ఆమె కోరిక మేరకు ఆసుపత్రి పేరు గాని, వైద్యురాలి పేరు గాని రాయడం లేదు. పేరు లేకపోయినా ఈ సమీక్ష పనికొస్తుందనే నా నమ్మకం, ఎందుకంటే ఇక్కడ చెప్పే ప్రతి అంశాన్నీ మీ ఊరి ఆసుపత్రిలోనూ అడిగి తెలుసుకోవచ్చు.

మా చెల్లెలు సత్తెనపల్లిలో అత్తవారింట ఉంటుంది. ఇది ఆమెకు తొలి గర్భం. మందుల షాపులో కొన్న కిట్‌పై రెండో గీత కనబడినప్పటి నుంచి కుడివైపు పొత్తికడుపులో సన్నని నొప్పి, నడుము లాగడం ఉండేవి, ఒకసారి గోధుమరంగు మరక కూడా కనిపించింది. వాళ్ల అత్తయ్యగారు "వేడి చేసి ఉంటుందమ్మా, మజ్జిగ బాగా తాగు, బొప్పాయి, నువ్వులు ముట్టుకోకు" అన్నారు. కోడలి మీద ప్రేమతో అన్న మాటే అయినా, వేడి అన్న ఒక్క మాట కింద పెట్టేస్తే ఈ నొప్పికి కారణం వెతికే ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. కిట్ విషయానికి వస్తే, అది తన పని తాను సరిగానే చేస్తుంది. ఉదయపు తొలి మూత్రం రెండు మూడు చుక్కలు వేస్తే, అందులో హెచ్‌సీజీ హార్మోన్ ఉన్నదీ లేనిదీ ఐదు నిమిషాల్లో చూపిస్తుంది. అయితే ట్యూబులో నిలిచిన గర్భం కూడా అదే హార్మోన్‌ను విడుదల చేస్తుంది కాబట్టి, గర్భం ఎక్కడ ఉందన్న సంగతి ఏ కంపెనీ కిట్ అయినా చెప్పలేదు. గీత ముదురుగా వస్తే గర్భం సరైన చోట ఉన్నట్టు, లేతగా వస్తే ట్యూబులో ఉన్నట్టు కొందరు చెప్పుకునే మాటను నమ్మి ఇంట్లో కూర్చోవడం ప్రమాదకరం.

ఆసుపత్రికి ముందు మేము ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాం. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం ప్రకారం ఇంత తొలి దశలో కూడా ఫామ్ ఎఫ్ అనే పత్రం నింపి సంతకం చేయాలి, గుర్తింపు కార్డు వెంట తీసుకువెళ్తే ఆలస్యం ఉండదు. అక్కడ పొట్టపై నుంచి స్కాన్ చేసి, గర్భసంచిలో తిత్తి (పిండం పెరిగే సంచి) కనిపించలేదనీ, గర్భం మరీ తొలి దశలో ఉండవచ్చనీ, ఎక్టోపిక్‌ను, అంటే గర్భసంచి బయట నిలిచిన గర్భాన్ని, తోసిపుచ్చలేమనీ రాసి కాగితం చేతికి ఇచ్చారు. వైద్యభాషలో ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కాని దాన్ని వివరించే మనిషి అక్కడ లేకపోవడంతో, మా చెల్లెలు అందులో ఎక్టోపిక్ అన్న ఒక్క మాటనే చదువుకుంది, దారి పొడవునా ఫోన్‌లో దాని గురించే వెతికింది. స్కాన్ రిపోర్టును వైద్యురాలి వివరణ లేకుండా గర్భిణి చేతికి ఇవ్వడం ఎంత క్షోభ పెడుతుందో ఆ రోజు కళ్లారా చూశాను.

కొత్తపేట ఆసుపత్రిలో నాకు మొదట నచ్చినది ఓపీ చీటీ రాసే చోట కూర్చున్న సిస్టర్ అడిగిన ప్రశ్నలు. నెల తప్పింది, నొప్పి ఉంది అనగానే ఆమె టోకెన్ ఇచ్చి కూర్చోమనలేదు. కళ్లు తిరుగుతున్నాయా, భుజం పైభాగంలో నొప్పి ఉందా, నొప్పి ఒక్కసారిగా పెరిగిందా అని అడిగి, వెంటనే లోపలికి తీసుకువెళ్లి బీపీ, నాడి చూసింది. రెండూ మామూలుగా ఉన్నాయని రాసుకున్న తరువాతే మమ్మల్ని వరుసలో కూర్చోబెట్టింది. లోపల రక్తస్రావం జరుగుతున్న స్త్రీకి బయట మరక కూడా కనిపించకపోవచ్చు కాబట్టి, వరుసలో కూర్చోబెట్టే ముందు చేసే ఈ రెండు నిమిషాల పరీక్ష ఎంతో విలువైనది. ఆ పద్ధతి లేని ఆసుపత్రి గోడలు ఎంత తళతళలాడినా నేను మెచ్చుకోలేను.

వైద్యురాలు చెల్లెలితో మాట్లాడిన తీరు ఈ సేవలో అన్నిటికంటే మేలైన భాగం. ఆమె ముందు స్కాన్ కాగితం చూడలేదు. చివరి నెలసరి ఎప్పుడు వచ్చింది, మామూలుగా ఎన్ని రోజులకు వస్తుంది అని అడిగారు. మా చెల్లెలికి నెలసరి దాదాపు 35 రోజులకు ఒకసారి వస్తుంది. నెలసరి తేదీని బట్టి లెక్కకట్టే వారాలు 28 రోజుల క్రమాన్ని ఆధారంగా చేసుకున్నవనీ, ఈమెకు అండం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి అసలు గర్భం వయసు ఆ లెక్కకంటే ఒక వారం తక్కువ ఉంటుందనీ ఆమె కాగితం మీద గీసి చూపించారు. గర్భసంచిలో తిత్తి, యోనిమార్గం ద్వారా చేసే లోపలి స్కాన్‌లోనైనా దాదాపు ఐదో వారానికి గాని కనిపించదు, పొట్టపై నుంచి చేసే స్కాన్‌లో ఇంకా ఆలస్యమవుతుంది. అంటే తిత్తి కనిపించకపోవడానికి అన్నిటికంటే సాధారణమైన కారణం ఇంకా సమయం కాకపోవడమే. ఈ లెక్క స్కానింగ్ సెంటర్‌లోనే ఎవరైనా ఒక్క నిమిషం చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

తరువాత ఆమె అడిగినవన్నీ ట్యూబులో గర్భం నిలిచే అవకాశాన్ని పెంచే కారణాల గురించి. ఇంతకుముందు ఎప్పుడైనా ట్యూబులో గర్భం వచ్చిందా, ట్యూబులకు లేదా పొట్టకు శస్త్రచికిత్స జరిగిందా, పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం తీసుకున్నారా, క్షయ వచ్చిందా, సంతానం కోసం ఐవీఎఫ్ వంటి చికిత్స చేయించుకున్నారా, కాపర్‌టీ ఉండగా గర్భం వచ్చిందా అని వరుసగా అడిగారు. క్షయ ప్రస్తావన ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే, క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాకుండా ట్యూబులకూ సోకి వాటి లోపలి పొరను దెబ్బతీస్తుందనీ, మన దేశంలో ఈ ప్రశ్న వదిలిపెట్టకూడదనీ చెప్పారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న తరువాత ఎప్పుడో అరుదుగా నెల తప్పితే, ఆ గర్భం ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువట. చిన్న వయసులోనే ట్యూబెక్టమీ చేయించుకునేవారు ఎక్కువగా ఉన్న మన ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. "ఆపరేషన్ అయింది కదా, గర్భం ఎలా వస్తుంది" అని నొప్పిని గ్యాస్ నొప్పి కింద జమకట్టడం వల్లనే ఆలస్యం జరుగుతుంది. మా చెల్లెలికి ఈ కారణాల్లో ఏదీ లేదు. అయినా వైద్యురాలు దాన్ని అభయంగా చెప్పలేదు. ట్యూబులో గర్భం వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఇలాంటి కారణం ఏదీ కనిపించదని స్పష్టంగానే చెప్పారు. వంద గర్భాల్లో ఒకటి, మహా అయితే రెండు ఇలా బయట నిలుస్తాయనీ, వాటిలో పదింట తొమ్మిదికి పైగా ట్యూబులోనే ఉంటాయనీ అన్నారు.

సన్నని నొప్పికి ఉండే మామూలు కారణాలను కూడా ఆమె అంతే ఓపికగా వివరించారు. గర్భసంచి పెరగడానికి సిద్ధమవుతూ రక్తప్రసరణ పెరిగినప్పుడు నెలసరి ముందు వచ్చేలాంటి నొప్పి ఉంటుంది. ప్రొజెస్టెరాన్ హార్మోన్ పేగుల కదలికను నెమ్మదింపజేయడం వల్ల గ్యాస్, మలబద్ధకం వచ్చి పొట్ట పట్టేసినట్టు ఉంటుంది. అండం విడుదలైన చోట అండాశయంలో ఏర్పడే కార్పస్ ల్యూటియం, గర్భాన్ని తొలి రెండు నెలలు నిలబెట్టే హార్మోన్‌ను తయారు చేస్తూ, ఒక్కోసారి నీటితిత్తిలా ఉబ్బి ఒకవైపే నొప్పి పెడుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఇలాగే మొదలవుతుంది, అందుకే మూత్రపరీక్ష కూడా రాశారు. అయితే ఒకవైపు నొప్పి అన్నంత మాత్రాన ట్యూబు అని గాని, రెండువైపులా నొప్పి అన్నంత మాత్రాన ప్రమాదం లేదని గాని తీర్మానించలేమనీ, నొప్పి స్వభావాన్ని బట్టి అనుమానం పెరగవచ్చు, తగ్గవచ్చు గాని తేల్చేది స్కాన్, రక్తపరీక్షలేననీ ఆమె చెప్పిన మాట మా ఇద్దరికీ ఆలోచించుకోవడానికి ఒక దారి చూపించింది.

లోపలి స్కాన్ అనగానే మా చెల్లెలు బిగుసుకుపోయింది. గర్భానికి దెబ్బ తగులుతుందేమోనన్నది ఆమె భయం. ఈ స్కాన్ పరికరం (ప్రోబ్) యోనిమార్గంలోనే ఉంటుంది గాని గర్భసంచిలోకి వెళ్లదనీ, గర్భానికి హాని చేయదనీ స్కాన్ చేసిన వైద్యురాలు ముందే చెప్పి, మూత్రం ఖాళీ చేసి రమ్మన్నారు. గదిలో ఆడవాళ్లే ఉన్నారు, తలుపు మూసి ఉంచారు, దుప్పటి కప్పారు, ప్రతి అడుగూ చెప్పి చేశారు. నన్ను చెల్లెలి తల దగ్గర నిలబడనిచ్చారు. గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది, తిత్తి ఇంకా లేదు, కుడి అండాశయంలో రెండు సెంటీమీటర్ల నీటితిత్తి కనిపించింది. ఇక్కడ ఆమె ప్రోబ్‌తో మెల్లగా నొక్కి, ఆ తిత్తి అండాశయంతో కలిసి కదులుతోందా, విడిగా కదులుతోందా అని కాసేపు చూశారు. కలిసి కదిలితే అది కార్పస్ ల్యూటియం అయ్యే అవకాశం ఎక్కువ. ట్యూబులోని గర్భం అయితే సాధారణంగా అండాశయం నుంచి విడిగా జరుగుతుంది. ఈమెకు కలిసే కదిలింది. పొత్తికడుపు అడుగున రక్తం చేరిన గుర్తు కూడా లేదు. ఇంత చూసి కూడా ఆమె రిపోర్టులో "గర్భం ఉన్న చోటు ఇంకా తెలియలేదు" అనే రాశారు. మొదట నాకు నిరాశగా అనిపించింది. తరువాత ఆలోచిస్తే, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడమే నిజాయితీ గల వైద్యమని అర్థమైంది.

ఆ సాయంత్రమే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షకు రక్తం తీసుకుని, 48 గంటల తరువాత అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించాలని చెప్పారు. ల్యాబ్ మారిస్తే అంకెలు పోల్చడానికి వీలుండదట. మొదటి ఫలితం 640 వచ్చింది. ఇంటికి రాగానే బంధువులు ఫోన్ చేసి ఐదో వారానికి ఇంత ఉండాలి, అంత ఉండాలి అంటూ పట్టికలు పంపించారు. ఒక్క అంకెను చూసి ఏమీ చెప్పలేమని వైద్యురాలు ముందే హెచ్చరించడం వల్ల మేము నిలదొక్కుకున్నాం. సాధారణ గర్భాల్లో కూడా ఒకే వారంలో ఈ అంకె వందల నుంచి వేల వరకు తేడాగా ఉంటుంది. చూడాల్సింది పెరుగుదలను. మొదటి అంకె 1,500 లోపు ఉన్నప్పుడు 48 గంటల్లో కనీసం 49 శాతమైనా పెరగాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2018 నాటి మార్గదర్శకాలు చెబుతాయి. బ్రిటన్‌లో వాడే మార్గదర్శకాలు 63 శాతం దాటితే గర్భం గర్భసంచిలోనే పెరుగుతూ ఉండవచ్చని భావిస్తాయి. కచ్చితంగా రెట్టింపు కావాలన్న మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది గాని, రెట్టింపు కానంత మాత్రాన గర్భం పాడైనట్టు కాదు. అలాగే ట్యూబులో ఉన్న గర్భాల్లో కొన్ని మామూలు గర్భంలాగే చక్కగా పెరుగుతున్నట్టు అంకె చూపించవచ్చు. కాబట్టి రక్తపరీక్ష బాగుందని స్కాన్ మానేయడం తగదు. ఈ రెండో భాగాన్ని చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పి పంపే చోట్లు ఉన్నాయని ఇతర తల్లుల ద్వారా విన్నాను. ఇక్కడ రెండూ చెప్పారు.

రెండు పరీక్షల మధ్య ఉండే ఈ నిరీక్షణను ఆసుపత్రి ఎలా నడిపిందన్నదే, నా దృష్టిలో, దాని సేవకు అసలైన కొలమానం. ఇంటికి పంపేముందు సిస్టర్ ఒక కాగితం ఇచ్చి, చదివి వినిపించి, చెల్లెలి చేత తిరిగి చెప్పించింది. కాగితం తెలుగులో ఉంది. ఒకవైపు నొప్పి పెరుగుతూ పోయినా, ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు వచ్చినా, కళ్లు తిరిగినా, మూర్ఛ వచ్చినట్టు ఉన్నా, మలవిసర్జన సమయంలో భరించలేని నొప్పి ఉన్నా, రక్తస్రావం ఎక్కువైనా, భుజం కొసన నొప్పి వచ్చినా ఏ సమయమైనా సరే వెంటనే రావాలని అందులో ఉంది. భుజం సంగతి మా ఇంట్లో ఎవరూ ఊహించనిది. పొట్టలో చేరిన రక్తం, ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర అయిన డయాఫ్రమ్‌ను రాసుకుంటే, ఆ భాగానికీ భుజానికీ సంబంధించిన నరాలు మెడలో ఒకే చోట నుంచి బయలుదేరుతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. పొట్టలో ప్రమాదం జరుగుతుంటే భుజానికి నొప్పి మందు రాసుకుంటూ కూర్చునే స్త్రీలు ఎందరుంటారో తలచుకుంటే దిగులు కలుగుతుంది.

సత్తెనపల్లి నుంచి గుంటూరుకు సుమారు గంట ప్రయాణం కాబట్టి, ఈ వ్యవధిలో చెల్లెలిని గుంటూరులో మా ఇంట్లోనే ఉంచుకోమని వైద్యురాలు సలహా ఇచ్చారు. ఒంటరిగా ఎక్కువ దూరం ప్రయాణం చేయవద్దన్నారు. ఇంట్లో బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలనీ, అప్పుడు గర్భిణి అని మాత్రమే చెప్పకుండా నెల తప్పి ఇన్ని వారాలైందనీ, ట్యూబు అనుమానం ఉందనీ చెప్పాలనీ అన్నారు. రక్తం గ్రూపు కూడా పరీక్షించి కాగితంపై పెద్ద అక్షరాలతో రాశారు. ఆర్‌హెచ్ నెగటివ్ అయితే, గర్భం నిలవకుండా రక్తస్రావం జరిగినప్పుడు లేదా శస్త్రచికిత్స జరిగినప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడవచ్చు.

మందుల విషయంలో ఈ ఆసుపత్రి పాటించిన సంయమనం నాకు ఆశ్చర్యం కలిగించింది. పొత్తికడుపు నొప్పి అనగానే సపోర్ట్ టాబ్లెట్లంటూ ప్రొజెస్టెరాన్ రాసి, మూడు నెలలు మంచం దిగవద్దని చెప్పడం మన దగ్గర ఆనవాయితీగా మారిపోయింది. రక్తస్రావం ఉండి, ఇంతకుముందు గర్భస్రావం అయినవారికి ప్రొజెస్టెరాన్ వల్ల కొంత ప్రయోజనం ఉందని పరిశోధనలు చూపించాయి గాని, ట్యూబులో గర్భం ఉందో లేదో తేల్చడానికి గాని, దాన్ని సరిచేయడానికి గాని అది పనికిరాదు. పూర్తిగా పడుకుని ఉండడం వల్ల గర్భస్రావం ఆగుతుందనడానికి కూడా ఆధారం లేదు. ఆమె రాసినవి ఫోలిక్ యాసిడ్, నొప్పి ఇబ్బంది పెడితే పారాసెటమాల్, అంతే. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడవద్దన్నారు. ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. గర్భం వద్దనుకునేవారు మందుల షాపులో గర్భస్రావం మాత్రలు కొని, స్కాన్ లేకుండా మింగేయడం గురించి మనందరం వింటూనే ఉంటాం. ఆ మాత్రలు ట్యూబులోని గర్భంపై పనిచేయవు. పైగా మాత్ర వేసుకున్నాక వచ్చే నొప్పి, రక్తస్రావం మాత్ర వల్లనే అనుకుని అసలు ప్రమాదాన్ని గుర్తించరు. వద్దనుకున్న గర్భానికైనా ముందు అది ఎక్కడ ఉందో తెలియాలి.

ఒకవేళ ట్యూబులోనే ఉందని తేలితే ఏం చేస్తారని నేను సూటిగా అడిగాను. ఆమె విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు. హార్మోన్ అంకె తక్కువగా ఉండి తనంతట తానే తగ్గుతుంటే కొందరిని కేవలం పరీక్షలతో గమనిస్తూ ఉండవచ్చు. స్త్రీ స్థిమితంగా ఉండి, ట్యూబు పగలకుండా, పిండం గుండె కొట్టుకోకుండా ఉంటే గర్భ కణాల పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చిన రోజు నుంచి లెక్కించి, నాలుగో రోజు, ఏడో రోజు రక్తపరీక్ష చేసి, ఆ రెంటి మధ్య హార్మోన్ కనీసం 15 శాతం తగ్గిందో లేదో చూస్తారు. ఈ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు ఫోలిక్ యాసిడ్ ఆపేయాలి, తరువాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ట్యూబు పగిలినా, రక్తస్రావం జరుగుతున్నా శస్త్రచికిత్స తప్పదు, అది ఎక్కువగా చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీతో చేస్తారు. ఒక ట్యూబు తీసివేసినా రెండోది బాగుంటే మళ్లీ గర్భం వచ్చే అవకాశం ఉంటుందని ఆమె చెబుతున్నప్పుడు, అంతసేపూ తలవంచుకుని కూర్చున్న మా చెల్లెలు మొదటిసారి తల ఎత్తి ఆమె వంక చూసింది. ఈ ఆసుపత్రిలో రాత్రివేళ మత్తు వైద్యులు అందుబాటులో ఉంటారా, రక్తం ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలకు కూడా సమాధానం దొరికింది. ఇవి అడగడం అమర్యాద కాదు, మీరూ అడగండి.

రెండో రక్తపరీక్షలో అంకె 1,190 వచ్చింది, అంటే 86 శాతం పెరిగింది. మాకు ఆనందం పట్టలేదు. వైద్యురాలు మాత్రం నవ్వుతూనే, "మంచి సంకేతమే అమ్మా, కాని నేను తిత్తిని గర్భసంచిలో కళ్లతో చూసేదాకా మీ ఫైలు మూయను" అన్నారు. ఆ తరువాతి వారం చేసిన స్కాన్‌లో తిత్తి, దాని లోపల యోక్ శాక్ (తొలి దశలో పిండానికి పోషణ అందించే చిన్న సంచి) గర్భసంచిలోనే కనిపించాయి. యోక్ శాక్ కనిపించడం ముఖ్యం, ఎందుకంటే ట్యూబులో గర్భం ఉన్న కొందరిలో గర్భసంచి లోపల ద్రవం చేరి తిత్తిలా భ్రమింపజేయవచ్చు. కుడివైపు నొప్పి కార్పస్ ల్యూటియం వల్లనేనని, అది క్రమంగా తగ్గిపోతుందని అప్పుడు నిర్ధారించారు.

ఇక లోపాలు. నిరీక్షించే హాలు ఒక్కటే. నిండు నెలల గర్భిణులు, పసిబిడ్డను ఎత్తుకుని స్వీటు పంచే కుటుంబాలు, గర్భం నిలుస్తుందో లేదో తెలియక బిక్కచచ్చి కూర్చున్నవారు అందరూ ఒకే చోట ఉంటారు. తొలి వారాల సమస్యలతో వచ్చేవారికి ఒక మూల నాలుగు కుర్చీలు వేరుగా వేస్తే చాలు, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. బిల్లు కట్టే చోట "బ్లీడింగ్ కేసు ఎవరు?" అని పిలిచిన తీరు నన్ను బాధించింది. లోపల అంత గౌరవంగా చూసి, బయట ఇలా పిలవడం ఏమీ బాగాలేదు. రాత్రిపూట కాగితంలో ఇచ్చిన నంబరుకు ఒక అనుమానం అడుగుదామని ఫోన్ చేస్తే, ఎత్తిన వ్యక్తికి ఈ విషయాలేవీ తెలియవు, డ్యూటీ డాక్టర్‌కు కలపడానికి చాలాసేపు పట్టింది. ఇంత మంచి కాగితం రాసినవారు, దాని చివర ఉన్న నంబరు కూడా అంతే పనిచేసేలా చూడాలి. బ్రిటన్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు అక్కడి ఆసుపత్రుల్లో తొలి గర్భం సమస్యలకే ప్రత్యేకంగా యూనిట్లు ఉంటాయని చెప్పింది. మన జిల్లా కేంద్రాల్లో కనీసం ప్రతి పెద్ద ఆసుపత్రిలోనైనా అలాంటిది ఒకటి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఖర్చు విషయంలో మోసం కనిపించలేదు. ఓపీ ఫీజు 500 రూపాయలు, అది వారం పాటు చెల్లుతుంది, రక్తపరీక్షకూ స్కాన్‌కూ కట్టినదానికి రసీదులు ఇచ్చారు, అక్కరలేని పరీక్షలు రాయలేదు. ఇంత కూడా భారమనుకునేవారు గుంటూరులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ప్రసూతి విభాగానికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అక్కడ రద్దీ ఎక్కువగా ఉంటుంది, అయితే కళ్లు తిరగడం, భుజం నొప్పి, తీవ్రమైన పొత్తికడుపు నొప్పి ఉన్నప్పుడు ఓపీ వరుసలో నిలబడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లి, నెల తప్పిన సంగతి మొట్టమొదట చెప్పాలి.

వైద్యానికి ఐదుకు ఐదు, మర్యాదకు నాలుగు, రాత్రి ఫోన్ సేవకు రెండు ఇస్తాను. ఓపీ సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం, సాయంత్రం రెండు పూటలా ఉంటుంది. ఆదివారం ఓపీ లేదు గాని అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టర్ ఉంటారు. వెళ్లేటప్పుడు చివరి నెలసరి తేదీ, గత కొన్ని నెలల నెలసరి తేదీలు రాసిన కాగితం, పాత రిపోర్టులు, గుర్తింపు కార్డు తీసుకువెళ్లండి. వీలైతే సాయంత్రం కంటే ఉదయం వెళ్లడం మేలు, ఎందుకంటే రక్తపరీక్ష ఫలితం అదే రోజు వైద్యురాలి చేతికి అందుతుంది.